లోపమును దోషమును: హేంగింగ్ రాక్ చలనచిత్రముపై విమర్శల చరిత్ర

లోపమను పదమునకు తెనుగు వాడుకలో కొఱత యనియు తప్పనియు నర్థము. వ్యాకరణశాస్త్రమున దాని యర్థము వేఱు. ఒక స్థానమున ప్రాప్తించియున్నది కనబడకపోవుట లోపమని పాణిని మతము. అది తప్పు గాదు. శాస్త్రకారుడు తెలిసి విధించు కార్యము. కనబడనంతమాత్రమున దాని ప్రభావము నశింపదు. 'అగ్నిచిత్' అను పదమున క్విప్ అను ప్రత్యయ మేమియు మిగులక లోపించినను, దాని బలముచే వచ్చిన తకారము పదాంతమున నిలిచి, అచ్చట నొక ప్రత్యయ ముండెనని సాక్ష్య మిచ్చుచున్నది.

ఈ శాస్త్రార్థమును ఆ లోకార్థమును కలిపివేసినచో కావ్యవిమర్శ దారి తప్పును. కవి చెప్పక విడిచినదెల్ల చెప్పనేరక విడిచినదే యని యొకడు తలచును. విడిచినదెల్ల గంభీరమే యని మఱియొకడు మెచ్చుకొనును. రెండును పొరపాట్లే. ఆస్ట్రేలియా దేశమున 1975వ సంవత్సరమున వెలువడిన 'పిక్నిక్ ఎట్ హేంగింగ్ రాక్' అను చలనచిత్రముపై అర్ధశతాబ్దముగా జరిగిన విమర్శయందు ఈ రెండు పొరపాట్లును, వానిని దాటిన మూడవ మార్గమును గూడ కానవచ్చుచున్నవి. ఆ చిత్రమున కొందఱు బాలికలు కనబడకపోవుదురు; వారేమైరో తుదివఱకు చెప్పబడదు. ఈ చెప్పకపోవుటను మొదట కొందఱు దోషమనిరి; పిమ్మట కొందఱు గుణమనిరి; కడపట వచ్చినవారు ఆ కథయందు చెప్పబడనిది ఇంకొకటి కలదని చూపిరి. ఈ మూడు తీర్పుల క్రమమును, వాని బలాబలములను నిరూపించుట ఈ వ్యాసమునకు ప్రయోజనము.

కథాసంగ్రహము

విక్టోరియా రాష్ట్రమున మెల్బోర్న్ నగరమునకు వాయవ్యదిశను సుమారు 70 కిలోమీటర్ల దూరమున, మెసడన్ పర్వతసమీపమున, హేంగింగ్ రాక్ అను శిలాసముదాయము కలదు. సుమారు 60 లక్షల యేండ్లకు పూర్వము భూగర్భమునుండి పైకుబికిన ద్రవశిల ఘనీభవించుటచే నిది యేర్పడినది. చుట్టునున్న మైదానముకంటె నూఱు మీటర్లకు పైగా ఎత్తున, స్తంభములవలె నిలిచిన శిలలతోను ఇఱుకైన సందులతోను నిండియున్నది.

కథ 1900వ సంవత్సరము ఫిబ్రవరి 14వ తేదీన, అనగా పాశ్చాత్యులు ప్రేమలేఖలు పంపుకొను వాలెంటైను పండుగనాడు, ప్రారంభమగును. ఆపిల్‌యార్డ్ కళాశాల యను బాలికల పాఠశాలనుండి విద్యార్థినులును ఇద్దఱు ఉపాధ్యాయినులును ఆ శిలకడకు వనభోజనమునకు పోవుదురు. గడియారములు పండ్రెండు గంటలకడ నిలిచిపోవును. మిరాండా, మేరియన్, ఇర్మా, ఈడిత్ అను నలుగురు బాలికలు శిల నెక్కుదురు. పైభాగమున కొంతసేపు నిదురించి లేచిన పిమ్మట మొదటి మువ్వురు, నిద్రలో నడచువారివలె, శిలల సందులలో ప్రవేశింతురు. ఈడిత్ కేకలు వేయుచు క్రిందికి పరుగెత్తివచ్చును. గణితోపాధ్యాయినియగు మెక్‌క్రా గూడ కనబడకపోవును. కొన్ని దినములు గడచిన తరువాత ఇర్మా యొక్కతె ప్రాణములతో దొరకును గాని, ఆమెకు జరిగినదేమియు జ్ఞాపకముండదు. తక్కిన మువ్వురి జాడ యెన్నటికిని తెలియదు.

కథ యిచ్చటితో ముగియదు. విమర్శకులలో పలువురు ఈ యంశమునే మఱచిరి. బాలికల తండ్రులు తమ బిడ్డలను పాఠశాలనుండి తీసికొనిపోవుదురు. ఆదాయము సన్నగిల్లును. మిరాండాయందు ప్రాణములు నిలుపుకొనియున్న సారా యను అనాథబాలిక ప్రధానాధ్యాపకురాలి కాఠిన్యమునకు గురియై మరణించును. తుదకు ప్రధానాధ్యాపకురాలే ఆ శిలపాదమున మృతురాలై కనబడును. కనబడకపోయినవారు మువ్వురు, వారి లేమిచే చెడినది ఒక సంస్థ యంతయు.

మాతృకయగు నవల

ఈ చిత్రమునకు మాతృక జోన్ లిండ్సే అను రచయిత్రి 1967వ సంవత్సరమున ప్రకటించిన నవల. 1896లో జన్మించిన యామె అప్పటికి సుమారు డెబ్బది యేండ్ల వృద్ధురాలు. గ్రంథారంభమునందే, ఈ కథ జరిగినదో కల్పింపబడినదో తేల్చుభారమును ఆమె చదువరులపై నుంచెను. దానిచే ననేకులు ఇది నిజముగా జరిగిన వృత్తాంతమని నమ్మి, ప్రాతపత్రికలను వెదకిరి. అట్టి వృత్తాంతము వానియందు దొరకలేదు. కథాదినము శనివారమని నవలయందున్నది. పంచాంగము ప్రకారము 1900 ఫిబ్రవరి 14వ తేది బుధవారము. కథాకాలము లోకకాలము గాదనుటకు ఈ యొక్క గణితము చాలును. గడియారములు నిలిచిపోవు కథయందు వారమును తప్పియుండుట కేవలము యాదృచ్ఛికమని చెప్పుటయు కష్టము.

చిత్రనిర్మాణము

ఆస్ట్రేలియాయందు 1950, 1960 దశకములలో స్వదేశీయ చిత్రములు మిక్కిలి యరుదు. 1970లో ఆ దేశప్రభుత్వము చలనచిత్రాభివృద్ధి సంస్థను స్థాపించెను. 1972లో దక్షిణ ఆస్ట్రేలియా రాష్ట్రము తనదైన సంస్థను నెలకొల్పెను. ఈ ప్రోత్సాహమువలన మొదట వచ్చిన చిత్రములలో విశేషముగా జనాదరణము పొందినవి మోటుహాస్యముతో గూడినవి. అట్టి సమయమున పెట్రీషియా లవెల్ అను నిర్మాత ఈ నవలను చదివి, పీటర్ వియర్ అను యువదర్శకునకు అప్పగించెను. క్లిఫ్ గ్రీన్ కథాసంవిధానమును వ్రాసెను. హల్ మెక్ఎల్రాయ్, జిమ్ మెక్ఎల్రాయ్ అను సోదరులు నిర్మాణభారమును వహించిరి. అమెరికాయందలి పెద్ద సంస్థల ప్రమేయము లేక, సుమారు 4 లక్షల 40 వేల ఆస్ట్రేలియా డాలర్ల వ్యయముతో చిత్రము పూర్తియయ్యెను. 1975 ఆగస్టు 8వ తేదీన అడిలైడ్ నగరమున ప్రథమప్రదర్శనము జరిగెను. స్వదేశమున 50 లక్షల డాలర్లకు పైగా వసూలయ్యెను.

ఛాయాగ్రాహకుడగు రస్సెల్ బోయిడ్ కెమెరా కటకమునకు పెండ్లికూతురి మేలిముసుగు వస్త్రమును కప్పి, దృశ్యములకు స్వప్నమువంటి మెత్తదనమును కల్పించెను. బ్రిటిషు చలనచిత్ర అకాడమీవారు ఆయనకు బహుమాన మిచ్చిరి. రుమేనియా దేశీయుడగు గ్యోర్గే జాంఫిర్ వాయించిన వేణుపంక్తి వాద్యము చిత్రమున ముఖ్యస్థానముల వినబడును. నేరపరిశోధన కథకు తగిన వేగము గాని, అనుమానితుల విచారణక్రమము గాని ఇందు ప్రధానములు గావు.

మొదటి తీర్పు: సాకాంక్షత

వాక్యార్థజ్ఞానమునకు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి యను మూడును కారణములని శాస్త్రజ్ఞు లెఱుగుదురు. వాక్యము ముగిసినను ఆకాంక్ష తీరకయుండుట సాకాంక్షత యను దోషముగా మమ్మటాదులు పరిగణించిరి. హేంగింగ్ రాక్ చిత్రముపై మొట్టమొదట వచ్చిన యాక్షేపణము ఈ జాతిలోనిదే. ప్రశ్న యున్నది, ఉత్తరము లేదు; కావున చిత్రము అసంపూర్ణము. అమెరికాకు చెందిన యొక పంపిణీదారుడు చిత్రము ముగియగానే తన కాఫీపాత్రను తెఱపై విసరికొట్టెనని దర్శకుడే పలుమాఱులు చెప్పియున్నాడు. పరిష్కారము లేని రహస్యమునకై రెండు గంటలు వ్యర్థమైనవని ఆతని కోపము. చిత్రము వెలువడిన మూడేండ్లు గడచినను అమెరికాలో ప్రదర్శింపబడలేదు. 1979లో మాత్రమే అచ్చటి సామాన్యప్రేక్షకులు దానిని చూడగలిగిరి.

ఈ యాక్షేపణమును తేలికగా త్రోసివేయరాదు. రహస్యకథను చెప్పువాడు శ్రోతతో నొక యొడంబడిక చేసికొనుచున్నాడు. జాడలు చూపినవాడు జాడల చివర నేదియో చూపవలెను. దొరికిన ఇర్మా పాదములకు గాయములు లేకపోవుట, గడియారములు నిలుచుట, ఎఱ్ఱని మేఘమును చూచితినని ఈడిత్ చెప్పుట, ఇవి యన్నియు జాడలే. ఇన్ని జాడలు చూపి ఊరకుండుట శ్రోతను వంచించుట గాదా యని యడుగుట న్యాయమే.

యూరపుఖండమున నిట్టి వివాద మంతకుముందే జరిగెను. మైకెలాంజిలో అంటోనియోని నిర్మించిన 'లావెంతూరా' యను ఇటలీ చిత్రమున, సిసిలీ సమీపద్వీపమున నొక యువతి కనబడకపోవును. ఆమె యేమయ్యెనో చెప్పబడదు. 1960లో కాన్ ఉత్సవమున ప్రేక్షకులు దానిని గేలిచేసిరి. అదే యుత్సవమున న్యాయనిర్ణేతలు దానికి బహుమాన మిచ్చిరి. రెండేండ్లలో, 1962లో, 'సైట్ అండ్ సౌండ్' పత్రిక విమర్శకులచే నెన్నించిన ఉత్తమచిత్రములలో అది రెండవస్థానము పొందెను. సాకాంక్షత నిత్యదోషము గాదని ఈ వృత్తాంతము తెలుపుచున్నది. ఆనందవర్ధనుడు శ్రుతికటుత్వాదులను అనిత్యదోషములని చెప్పినట్లే, ఆకాంక్ష తీరకుండుటయు రసమునుబట్టి దోషమగును, గుణమగును.

రెండవ తీర్పు: చెప్పకపోవుటయే ప్రధానమనుట

1979లో న్యూయార్క్ టైమ్స్ పత్రికయందు విన్సెంట్ కాన్బీ వ్రాసిన సమీక్ష ఈ రెండవ తీర్పునకు మంచి నిదర్శనము. భయానకము కోఱలవలనను శవములవలనను మాత్రమే పుట్టదనియు, వెచ్చని యెండకాచిన పగటియందును బాలికల నిర్మలత్వమునందును పుట్టగలదనియు, అది చెప్పరానిదగుట ఘోరమగుటచే గాక నిర్వచనమునకు లొంగకపోవుటచేతనే యనియు ఆయన యభిప్రాయము. రోజర్ ఈబర్ట్ 1998లో దీనిని గొప్ప చిత్రములను గుఱించిన తన వ్యాసపరంపరలో చేర్చుకొని, తుది వివరణము లేకుండుటచేతనే ఈ చిత్రము అనుభవరూపముగా నిలిచియున్నదని భావించెను.

భారతదేశసంబంధమైన యొక సామ్య మిచ్చట స్మరణీయము. ఇ. ఎం. ఫార్స్టర్ 1924లో ప్రకటించిన 'ఎ పాసేజ్ టు ఇండియా' నవలయందు మరబారు గుహలో ఆంగ్లయువతి కేమి జరిగినదో గ్రంథకర్త చెప్పలేదు. ఆ గుహలకు బీహారునందలి బరాబరు గుహలు మూలములు. అచ్చటను ఇచ్చటను విదేశీయులు తమకు పరిచయము లేని ప్రాచీనశిల యెదుట నిలిచి, తమ భాషలో దానికి పేరు పెట్టజాలక కలతచెందుచున్నారు. చెప్పబడని సంఘటన కథకు మధ్యనుండి, కథనంతటిని త్రిప్పుచున్నది.

ఐనను, చెప్పకపోవుట గుణమని యూరక మెచ్చుకొనుట చాలదు. ఎందుచే గుణమైనదో చూపవలెను. ఇచ్చట అగ్నిచిత్పదము తోడ్పడును. ప్రత్యయము లోపించినను తత్కార్యము నిలిచియున్నదా? ఇదియే పరీక్ష. చిత్రోత్తరార్ధమున ఇర్మా ఎఱ్ఱని యంగవస్త్రము ధరించి తన పూర్వసహాధ్యాయినులకు వీడ్కోలు చెప్పుటకు వచ్చును. వారు ఒక్కమాఱుగా ఆమెను చుట్టుముట్టి, శిలపై నేమి జరిగినదో చెప్పుమని యఱచుచు పైబడుదురు. ఆ గదిలోనే సారా నడుము నిటారుగా నిలుపుటకై పలకకు కట్టబడియుండును. బాలికల యా యాకాంక్ష ప్రేక్షకుని యాకాంక్షయే. ఉత్తరము చెప్పలేనిదానిని హింసించునంతవఱకు అది పోవుటను చిత్రము తెఱపై చూపుచున్నది. కాఫీపాత్రను విసరినవాడు ఆ దృశ్యమున తన ముఖమును తానే చూచుకొనవలసినది. కావున ఇచ్చటి సాకాంక్షత అజాగ్రత్తచే కలిగినది గాదు; వర్ణ్యవస్తువే యైనది. ఇది లోపము గాని దోషము గాదు.

పదునెనిమిదవ యధ్యాయము

ఈ సిద్ధాంతమునకు గ్రంథచరిత్రలో నొక గట్టిపరీక్ష ఏర్పడినది. 1980లో ఇవాన్ రూసో అను విమర్శకురాలు నవలయందలి జాడలనన్నిటిని శ్రద్ధతో పరిశీలించి, వానికి పొసగు పలు పరిష్కారములను ఒక గ్రంథముగా ప్రకటించెను. ఏ పరిష్కారమును తక్కినవానిని పూర్తిగా త్రోసివేయజాలకపోవుట ఆ గ్రంథమునందలి రుచి.

లిండ్సే మొదట వ్రాసిన ప్రతియందు పదునెనిమిదవ యధ్యాయ మొకటి యుండెను. ప్రకాశకసంస్థయందలి సంపాదకురాలి సలహాచే దానిని తొలగించిరి. రచయిత్రి 1984లో మరణించెను. 1987 ఫిబ్రవరి 14వ తేదీన, కథాదినముననే, ఆ యధ్యాయము 'ది సీక్రెట్ ఆఫ్ హేంగింగ్ రాక్' అను పేరుతో అచ్చయ్యెను. అది సుమారు 12 పుటలు మాత్రమే. అందు బాలికలు తమ బిగువైన యంగకట్లను కొండపైనుండి విసరివేయగా, అవి నీడలేక గాలిలో నిశ్చలముగా నిలుచును. వారికి కనబడిన యొక స్త్రీ ఎండ్రకాయవంటి రూపము ధరించి శిలాబిలమున దూరును. మేరియన్, మిరాండా ఆమెను అనుసరింతురు. ఇర్మా వంతు రాకముందే ఒక బండ జాఱి ద్వారమును మూసివేయును.

ఉత్తరము దొరకినది. ఐనను విమర్శకుల కాకాంక్ష తీరలేదు. ఎండ్రకాయరూపమేమి, బిలము దేనికి ద్వారము, గాలిలో వస్త్రము నిలుచుట యెట్లు అను క్రొత్త ప్రశ్నలు పుట్టినవి. ప్రచురణముననే ఆ యధ్యాయమునకు వ్యాఖ్యానము గూడ జతచేయవలసివచ్చెను. లోపించినదానిని మఱల స్థానమున నిలిపినను అర్థము వృద్ధిపొందలేదు. అగ్నిచిత్పదమున క్విప్పును వ్రాసిచూపినంతమాత్రమున శ్రోతకు క్రొత్త యర్థము తోపనట్లే ఇదియును. సంపాదకురాలి తీర్పే సహృదయుల తీర్పయ్యెను. నేటికిని నవల ఆ యధ్యాయము లేకయే చదువబడుచున్నది.

కుదింపును పెంపును

1998లో వియర్ తన చిత్రమును మఱల సంస్కరించెను. దర్శకులు ప్రాతచిత్రమును సంస్కరించునపుడు తొలుత తీసివేసిన దృశ్యములను చేర్చుట వాడుక. వియర్ దానికి విరుద్ధముగా సుమారు ఏడు నిమిషములను తగ్గించెను. ఇర్మాకును ఆమెను వెదకిన యువకునకును కలిగిన స్నేహమునకు సంబంధించిన దృశ్యములు వానిలో ముఖ్యములు. 115 నిమిషముల చిత్రము సుమారు 107 నిమిషములదయ్యెను.

దీనికి ప్రత్యుదాహరణము అమెరికాయందే కలదు. రిచర్డ్ కెల్లీ దర్శకత్వమున వచ్చిన 'డానీ డార్కో' యను చిత్రమును స్వతంత్రముగా నిర్మింపబడినదే; అందును విద్యార్థిదశయందున్న యువకుడే నాయకుడు; స్వప్నమో నిజమో తెలియని సంఘటనలే కథ. 2001లో విడుదలయైనపుడు దానికి వచ్చిన యాదాయ మత్యల్పము. తరువాత అర్ధరాత్రి ప్రదర్శనములవలనను గృహవీక్షణ ప్రతులవలనను దానికి గొప్ప యాదరణము కలిగెను. 2004లో కెల్లీ సుమారు 20 నిమిషములు పెంచి, కథయందలి యొక కల్పితగ్రంథపు పుటలను తెఱపై చూపి, సంఘటనలకు కారణములను వివరించెను. విమర్శకులు రెండుగా చీలిరి. ఈబర్ట్ క్రొత్తప్రతినే యధికముగా మెచ్చెను. మఱి పెక్కుమంది మొదటిప్రతియే మేలనిరి. సూత్రమును వ్రాసినవాడే వృత్తిని వ్రాయుట సంప్రదాయమున కలదు గాని, వృత్తిని సూత్రమధ్యమున చొప్పించుట లేదు. వియర్ తగ్గించుటయు కెల్లీ పెంచుటయు ఒకే ప్రశ్నకు రెండు సమాధానములు: లోపించినదాని కార్యముపై కర్తకు నమ్మకము కలదా లేదా?

మూడవ తీర్పు: లుక్కు

1980 దశకమున ఆస్ట్రేలియాయందే మఱియొక విధమగు విమర్శ బయలుదేఱెను. సూజన్ డెర్మొడీ, ఎలిజబెత్ జాకా అను విద్వాంసులు 1987, 1988 సంవత్సరములలో రెండు సంపుటములుగా ప్రకటించిన 'ది స్క్రీనింగ్ ఆఫ్ ఆస్ట్రేలియా' యను గ్రంథమున, ప్రభుత్వధనముతో వచ్చిన పూర్వకాలకథాచిత్రముల నొక ప్రత్యేకజాతిగా గుర్తించి విమర్శించిరి. అందమైన దుస్తులు, మెత్తని వెలుగు, మందగమనము అను గుణములు ఆలోచనకు బదులుగా నిలిచిన వని వారి యాక్షేపణసారము. చెప్పబడనిదెల్ల గంభీరమే యనువారి పొరపాటునకు ఇది సమాధానము.

దానికంటె లోతైన విమర్శ పిమ్మట వచ్చెను. 1999లో పీటర్ పియర్స్ 'ది కంట్రీ ఆఫ్ లాస్ట్ చిల్డ్రన్' అను గ్రంథమున, అడవిలో తప్పిపోయిన తెల్లవారి బిడ్డల కథలు ఆస్ట్రేలియా సాహిత్యచిత్రకళలలో పరంపరగా వచ్చుచున్నవని నిరూపించెను. 1886లో ఫ్రెడరిక్ మెకబిన్ చిత్రించిన 'లాస్ట్' అను చిత్రపటమున ఒక బాలిక పొదలలో నొంటరిగా నిలిచియుండుట ఈ పరంపరలోనిదే. ఇందు జరిగిన కథలును కలవు. 1864లో విక్టోరియా పశ్చిమభాగమున డఫ్ కుటుంబపు బిడ్డలు మువ్వురు అడవిలో తప్పిపోయి, తొమ్మిది దినముల పిమ్మట సజీవులుగా దొరకిరి. వారి జాడను పట్టి కనుగొన్నవారు ఆ దేశపు ఆదివాసులు. ఆ యడవి తెల్లవారి బిడ్డలకు అగమ్యము, ఆదివాసులకు స్వగృహము.

ఈ యంశమును హేంగింగ్ రాక్ కథకు అన్వయించి చూచిన విమర్శకులకు మఱియొక యదర్శనము గోచరించెను. ఆ శిల జాజావురంగ్, వాయివురంగ్, టాంగురంగ్ అను ఆదివాసిజనుల భూములకు సంబంధించినది. 1835లో మెల్బోర్న్ పునాది పడిన పిమ్మట కొద్దికాలములోనే గొఱ్ఱెలమందలతో వచ్చిన తెల్లవారిచే వారు తమ భూములనుండి తొలగింపబడిరి. 1836లో మేజర్ మిచెల్ సమీపపర్వతమునకు మాసిడోనియా ఫిలిప్పురాజును తలంచి మెసడన్ అని పేరిడెను. శిలకు డయోజినీస్ పర్వతమని గ్రీకుతత్త్వజ్ఞుని పేరు పెట్టిరి. స్థానమున ఆదేశములు వచ్చినవి, స్థానులు మఱవబడినవి. నవలయందు ఆదివాసి యెవడైన కనబడినచో, పోలీసులు జాడలు పట్టుటకు రప్పించినవాడుగా నిమేషమాత్రము కనబడును.

ఇచ్చట వ్యాకరణమునందలి యొక సూక్ష్మభేదము ఉపకరించును. అదర్శనములన్నియు నొక్కటి గావు. సామాన్యలోపమున ప్రత్యయము పోయినను తత్కార్యము నిలుచును. లుక్కు, శ్లువు, లుప్పు అను పేర్లతో విధింపబడిన యదర్శనమున అంగమునకు రావలసిన కార్యముగూడ నిషేధింపబడును. గార్గ్యశబ్దమునకు బహువచనమున 'గర్గాః' అని రూపము. అపత్యప్రత్యయముతోపాటు దానివలన వచ్చిన ఆదివృద్ధియు పోయినది. రూపమును చూచినవానికి అచ్చట నొకప్పుడు ప్రత్యయ ముండెనను జాడయైన దొరకదు. శాస్త్రము చదివినవానికే తెలియును.

బాలికల యదర్శనము లోపము. వారి లేమి ప్రతిదృశ్యమున కార్యము చేయుచున్నది. ఆదివాసుల యదర్శనము లుక్కువంటిది. వారి లేమిగూడ కనబడదు. 2017లో, నవల వెలువడి ఏబది యేండ్లైన సందర్భమున, ఏమీ స్పైయర్స్ అను కళాకారిణి 'మిరాండా మస్ట్ గో' అను ప్రచారము నడపెను. ఎన్నడును జన్మింపని తెల్లబాలికకై యాత్రికులు ఆ శిలపై పేరెత్తి కేకలు వేయుచుండగా, నిజముగా ఆ నేలను కోల్పోయినవారిని స్మరించువారు లేరని ఆమె వాదము. కొందఱు ఆగ్రహించిరి, కొందఱు ఆలోచించిరి. నేడు ఆ శిలను గుఱించిన చర్చలలో ఆదివాసులు చెప్పు నంగనెలాంగ్ అను పేరును వినవచ్చుచున్నది.

ఇందుచే చిత్రము నింద్యమగునా యని శంక కలుగును. విమర్శకులలో నొకవర్గమువారు దీనికి సమాధానము చెప్పిరి. పరభూమిపై నిలిచిన పాఠశాల, గోడపై విక్టోరియారాణి చిత్రపటము, మండువేసవిలో బిగించిన యంగకట్లు, నిలిచిపోయిన గడియారములు, ఇవి యన్నియు తెల్లవారు ఆ నేలను తమదిగా చేసికొనజాలకపోయిరని చిత్రమే యొప్పుకొనుటకు గుఱుతులని వారందురు. ఈ వాదమున సత్యము కలదు. ఐనను ఒప్పుకొనుట వేఱు, పేరెత్తుట వేఱు. చిత్రము కలతను చూపినది. కలతకు కారణమైన జనులను చూపలేదు.

ఉపసంహారము

శాస్త్రమునుండి తెచ్చిన యీ సామ్యము సామ్యముగానే గ్రహింపదగినది. సూత్రములు చలనచిత్రములకై చేయబడలేదు. ఐనను దీనివలన విమర్శకునకు మూడు ప్రశ్నలు లభించుచున్నవి. చెప్పబడనిదాని కార్యము గ్రంథమున నిలిచియున్నదా? నిలిచినచో అది లోపము. దానిని పూరింప బూనుట అనవసరము. కార్యము నిలువక, ప్రాప్తియే లేక యూరక విడువబడినదా? అట్లైనచో అది దోషము. దానిని గాంభీర్యమని పొగడుట అనుచితము. ప్రాప్తి యుండియు, కార్యమునకు గూడ తావీయక తుడిచివేయబడినదా? అట్లైనచో దానిని చరిత్రవలన తెలిసికొని చెప్పవలసినది విమర్శకుడే. గ్రంథము దానంతట అది చెప్పదు.

పాఠశాలలలో కావ్యములను బోధించువారికి మొదటి ప్రశ్న పరిచితమే. విద్యార్థి 'తరువాత నేమైనది' అని యడిగినపుడు ఉత్తరము కల్పించి చెప్పుటకంటె, ఆ ప్రశ్న ఎందుల కడుగవలసివచ్చెనో చూపుట మేలు. మూడవ ప్రశ్నయే కష్టతరము. హేంగింగ్ రాక్ చిత్రమును గుఱించి 1970 దశకమున వ్రాసినవారిలో పెక్కుమంది మిరాండా ఎక్కడికి పోయెనని యడిగిరి. ఆ శిలపై నంతకుముందు నుండినవా రెక్కడికి పోయిరని విమర్శకులు గట్టిగా నడుగుటకు మఱి రెండు మూడు దశాబ్దములు పట్టినది. మొదటి ప్రశ్నకు ఉత్తరము లేదు; ఉండవలసిన పనియు లేదు. రెండవదానికి ఉత్తరము కలదు. అది విక్టోరియా రాష్ట్ర చరిత్రయందు వ్రాయబడియే యున్నది.